ఇంట్లో టీవీ రికార్డింగుకు డీవీఆర్ ఎంపిక: తరచుగా అడిగే ప్రశ్నలు

డీటీహెచ్ లేదా కేబుల్ కనెక్షన్ ఉన్న ఇళ్లలో కార్యక్రమాలను దాచుకుని తీరికగా చూడాలనుకునేవారి కోసం ఈ పేజీ రాశాం. మన దేశంలో డీవీఆర్ (డిజిటల్ వీడియో రికార్డరు), అంటే టీవీ కార్యక్రమాలను డిస్క్‌లో దాచే రికార్డరు కొనబోయేవారు పరికరం సంగతి చూసే ముందు, తమ ఇంట్లోకి సిగ్నల్ ఎవరి దగ్గర నుంచి, ఏ రూపంలో వస్తోందో తెలుసుకోవాలి. హార్డ్ డిస్క్ ఎన్ని జీబీలు ఉండాలన్నది ఆ తరువాతి మాట.

ప్రశ్న: కోఠిలో డీవీఆర్ కావాలని అడిగితే సీసీ కెమెరాల పెట్టె చూపించారు. దానితో టీవీ రికార్డు చేసుకోవచ్చా?

చేసుకోలేరు. సీసీ కెమెరాల డీవీఆర్ వెనుక గుండ్రటి బీఎన్‌సీ సాకెట్లు నాలుగో, ఎనిమిదో, పదహారో ఉంటాయి. వాటికి కెమెరాల నుంచి వచ్చే వీడియో తీగలను మాత్రమే తగిలిస్తారు. డిష్ నుంచి గానీ కేబుల్ ఆపరేటరు నుంచి గానీ వచ్చే సిగ్నల్‌లోంచి ఒక చానెల్‌ను విడదీసే ట్యూనరు ఆ పెట్టెలో ఉండదు. వెనుక కనిపించే హెచ్‌డీఎంఐ సాకెట్ కూడా బొమ్మను టీవీకి పంపడానికే తప్ప, బయటి బొమ్మను లోపలికి తీసుకోవడానికి కాదు. డీవీఆర్ అన్న మాట మన ఊళ్లలో దాదాపు కెమెరాలవాళ్ల సొత్తయిపోయింది కాబట్టి, "రికార్డింగు ఉన్న సెట్‌టాప్ బాక్సు" అని అడిగితే దుకాణదారుకు వెంటనే అర్థమవుతుంది.

ప్రశ్న: పాత వీసీఆర్‌కూ దీనికీ తేడా ఏమిటి?

వీసీఆర్ టీవీ బొమ్మను టేపు మీదికి ఎక్కించేది. ఎక్కించినప్పుడల్లా కొంత నాణ్యత పోయేది. డిజిటల్ రికార్డరు బొమ్మను మళ్లీ చిత్రించదు. ప్రసార సంస్థ ముందే కుదించి పంపిన అంకెల ప్రవాహాన్ని ఉన్నది ఉన్నట్టుగా డిస్క్‌లో రాసుకుంటుంది. అందువల్ల రికార్డింగు ప్రత్యక్ష ప్రసారం కన్నా తక్కువగానూ ఉండదు, ఎక్కువగానూ ఉండదు. చానెల్‌లో మసకగా వచ్చింది డిస్క్‌లోనూ మసకగానే ఉంటుంది. దీనితో వచ్చిన అసలు కొత్త సౌకర్యం నడుస్తున్న కార్యక్రమాన్ని ఆపి, గుమ్మంలో ఎవరో పిలిస్తే వెళ్లి వచ్చి, ఆపిన చోటి నుంచి చూడగలగడం. ఇలాంటి పెట్టెలు అమెరికాలో 1999లో టీవో వంటి పేర్లతో మార్కెట్లోకి వచ్చాయి. మన దేశంలో 2008లో టాటా స్కై ప్లస్‌తో డీటీహెచ్ వినియోగదారులకు పరిచయమయ్యాయి.

ప్రశ్న: ఏ కంపెనీతోనూ సంబంధం లేకుండా విడిగా ఒక రికార్డరు కొని నా కనెక్షన్‌కు తగిలించుకోవచ్చా?

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఈ ఆశతోనే. ఒకప్పుడు ఇది సాధ్యమయ్యేది. స్తంభం మీద నుంచి వచ్చిన కేబుల్ తీగను నేరుగా వీసీఆర్‌లోనో, కంప్యూటరులోని టీవీ ట్యూనరు కార్డులోనో గుచ్చితే రికార్డయిపోయేది, ఎందుకంటే అప్పటి అనలాగ్ కేబుల్‌లో చానెళ్లు తాళం లేకుండా వచ్చేవి. 2011లో కేబుల్ టెలివిజన్ చట్టానికి చేసిన సవరణతో డిజిటల్ సెట్‌టాప్ బాక్సు తప్పనిసరి అయ్యింది. హైదరాబాదు, విశాఖపట్నం ఉన్న రెండో దశకు 2013 మార్చి 31 గడువుగా పెట్టారు. పల్లెలు సహా మిగిలిన ప్రాంతాల చివరి దశ గడువు 2017 మార్చి 31తో ముగిసింది.

ఇప్పుడు కేబుల్‌లోనైనా, డీటీహెచ్‌లోనైనా చెల్లింపు చానెళ్లు ఎన్‌క్రిప్షన్ అనే తాళంతో వస్తాయి. ఆ తాళం తీసే చెవి మీ పేరున నమోదైన బాక్సులోని కార్డులోనో చిప్పులోనో ఉంటుంది. బయటి రికార్డరుకు ఆ తీగను తగిలిస్తే దానికి అందేది అర్థంకాని అంకెల గుట్ట మాత్రమే. బాక్సు తాళం తీసిన తరువాత హెచ్‌డీఎంఐ ద్వారా బయటికి వచ్చే బొమ్మను పట్టుకుందామన్నా, ఆ దారిలో హెచ్‌డీసీపీ అనే రెండో రక్షణ ఉంటుంది. దాన్ని గౌరవించే క్యాప్చర్ పరికరం నల్లటి తెరనే చూపిస్తుంది. అందువల్ల చెల్లింపు చానెళ్ల విషయంలో రికార్డరు, సెట్‌టాప్ బాక్సు ఒకే పెట్టెగా ఉండక తప్పదు, ఆ పెట్టె మీ కనెక్షన్ ఇచ్చిన సంస్థదే కావాలి.

ప్రశ్న: అయితే నా ముందున్న దారులు ఏమిటి?

మొదటిది, లోపలే హార్డ్ డిస్క్ అమర్చి కంపెనీ ఇచ్చే బాక్సు. రెండోది, యూఎస్‌బీ సాకెట్ ఉండి, మన డిస్క్‌ను తగిలిస్తే రికార్డు చేసే బాక్సు. వాడకంలో మొదటిదే హాయి. డిస్క్, బాక్సు ఒకదానికొకటి సరిపడేలా తయారై వస్తాయి, రెండు ట్యూనర్లు ఉండే అవకాశం కూడా ఎక్కువ. రెండోదానిలో ఖర్చు తక్కువ, డిస్క్ పాడైతే మనమే మార్చుకోవచ్చు. అయితే యూఎస్‌బీ సాకెట్ కనిపించినంత మాత్రాన రికార్డింగు ఉందనుకోకూడదు. కొన్ని బాక్సుల్లో అది ఫోటోలు, పాటలు చూపించడానికో, సాంకేతిక సిబ్బంది సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికో మాత్రమే ఉంటుంది. ఇంకొన్నింటిలో రికార్డింగు సౌకర్యం ఉన్నా, విడిగా రుసుము కట్టి తెరిపించుకోవాలి. మోడళ్లు తరచూ మారిపోతుంటాయి కాబట్టి, డీలరు నోటిమాటతో సరిపెట్టుకోకుండా దుకాణంలోనే ఒక పెన్ డ్రైవ్ పెట్టించి, పది నిమిషాలు రికార్డు చేయించి, తిరిగి వేయించి చూడటం ఉత్తమం.

మూడో దారి దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అన్న పేరుతో మొదలైన ఈ సేవకు నెలవారీ చందా లేదు. ఇందులోని చానెళ్లలో అత్యధికం తాళం లేకుండా వస్తాయి కాబట్టి బజారులో దొరికే మామూలు బాక్సులే వీటిని పట్టుకుంటాయి. వాటిలో చాలావాటికి యూఎస్‌బీ రికార్డింగు ఉంటుంది, రికార్డయిన ఫైలును కంప్యూటరులో కూడా చూసుకోవచ్చు. డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి ఇందులో వస్తాయి. కానీ తెలుగు ఇళ్లలో రోజూ చూసే పెద్ద వినోద చానెళ్ల కోసం మాత్రం దీన్ని నమ్ముకోలేం. స్వేచ్ఛగా రికార్డు చేసుకోగలిగిన చోట మనకు కావలసిన చానెళ్లు తక్కువ, అవి ఉన్న చోట స్వేచ్ఛ తక్కువ.

ప్రశ్న: హార్డ్ డిస్క్ ఎంత ఉండాలి?

మామూలు ఎస్‌డీ చానెల్ సెకనుకు 2 నుంచి 3 మెగాబిట్ల వేగంతో వస్తుందనుకుంటే గంటకు ఒక జీబీకి కాస్త అటూ ఇటూ పడుతుంది. హెచ్‌డీ చానెల్ 8 మెగాబిట్ల వేగంతో వస్తే సెకనుకు ఒక ఎంబీ, గంటకు 3.6 జీబీ. ఈ లెక్కన 500 జీబీ డిస్క్‌లో హెచ్‌డీ కార్యక్రమాలు కాగితం మీద 138 గంటలు పట్టాలి. కానీ ప్రత్యక్ష ప్రసారాన్ని ఆపి చూసే సౌకర్యం కోసం బాక్సు కొంత చోటు తనకోసం అట్టిపెట్టుకుంటుంది కాబట్టి అంతకన్నా తక్కువే మిగులుతుంది.

ఇంటి అవసరాలతో పోల్చి చూడండి. వారానికి ఐదు రోజులు వచ్చే అరగంట సీరియల్ హెచ్‌డీలో వారానికి 9 జీబీ తింటుంది. ప్రకటనలతో కలిపి మూడు గంటలు సాగే సినిమాకు 11 జీబీ దాకా, ఎనిమిది గంటలు నడిచే వన్డే మ్యాచికి 29 జీబీ దాకా పోతుంది. తిరుమల బ్రహ్మోత్సవాలు తొమ్మిది రోజులు జరుగుతాయి. ఉదయం, రాత్రి జరిగే వాహన సేవలను రెండేసి గంటల చొప్పున దాచుకుంటే మొత్తం ముప్పై గంటల చిల్లర అవుతుంది, ఎస్‌డీలో అయితే ఇదంతా 40 జీబీలో ఇమిడిపోతుంది. నలుగురున్న ఇంటికి 500 జీబీ చాలు, ఒక టీబీ ఉంటే ధారాళం. అంతకు మించి కొన్నవారు చాలావరకు చూడని సీరియళ్లను పోగేసుకుంటారని మా అభిప్రాయం.

ప్రశ్న: ఇంట్లో ఉన్న పెన్ డ్రైవ్ పెడితే సరిపోదా?

సౌకర్యం పనిచేస్తోందో లేదో పరీక్షించడానికి సరిపోతుంది, రోజువారీ వాడకానికి కాదు. ప్రత్యక్ష ప్రసారాన్ని ఎప్పుడైనా ఆపగలగాలంటే బాక్సు చూస్తున్నంతసేపూ డిస్క్ మీద రాస్తూనే ఉండాలి. సెకనుకు ఒక ఎంబీ అంటే రోజంతా టీవీ నడిచే ఇంట్లో 86 జీబీ రాత. చవక పెన్ డ్రైవ్‌లోని ఫ్లాష్ మెమరీ ఇన్నిసార్లు చెరిపి రాయడాన్ని ఎక్కువ కాలం తట్టుకోదు.

విడిగా డిస్క్ కొనేటప్పుడు వేగం గురించి కంగారు పడనక్కరలేదు. పాత యూఎస్‌బీ 2.0 కూడా ఈ పనికి కావలసినదానికి ఎన్నో రెట్లు వేగవంతమైనది. చూడవలసినది విద్యుత్తు. యూఎస్‌బీ 2.0 సాకెట్ ప్రమాణం ప్రకారం 500 మిల్లీయాంపులే ఇస్తుంది, జేబులో పట్టే 2.5 అంగుళాల డిస్క్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో అంతకన్నా ఎక్కువ లాగవచ్చు. డిస్క్ టిక్కు టిక్కుమంటూ బాక్సుకు కనిపించకుండా పోతుంటే కారణం చాలాసార్లు ఇదే. సొంత అడాప్టరు ఉన్న 3.5 అంగుళాల డిస్క్ గానీ, అడాప్టరుతో వచ్చే యూఎస్‌బీ హబ్ గానీ వాడితే ఈ ఇబ్బంది తీరుతుంది.

మరొక హెచ్చరిక. కొత్త డిస్క్‌ను తగిలించగానే చాలా బాక్సులు దాన్ని ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతాయి. సరే అంటే అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. పెళ్లి ఫోటోలున్న డిస్క్‌ను "ఒక్కసారి చూద్దాం" అని బాక్సుకు తగిలించకండి.

ప్రశ్న: ఒక చానెల్ చూస్తూ ఇంకో చానెల్ రికార్డు చేయాలంటే ఏం ఉండాలి?

రాత్రి ఏడున్నరకు అత్తగారి సీరియల్, అదే సమయానికి మ్యాచి ఉన్న ఇంట్లో రికార్డరు కొనే అసలు కారణం ఇదే. దీనికి బాక్సులో రెండు ట్యూనర్లు ఉండాలి. అంతవరకు అమ్మేవారు చెబుతారు. డీటీహెచ్ అయితే డిష్ నుంచి రెండు తీగలు కూడా రావాలన్న సంగతి తరచూ బిగించే రోజునే బయటపడుతుంది.

డిష్ ముందు కర్ర చివర ఉండే ఎల్‌ఎన్‌బీ అనే పరికరం ఉపగ్రహం నుంచి రెండు ధ్రువణాల్లో, అంటే నిలువుగానూ అడ్డంగానూ కంపించే తరంగాలను అందుకుంటుంది. ఏ ధ్రువణం కావాలో బాక్సు తీగలోకి పంపే వోల్టేజీతో చెబుతుంది: 13 వోల్టులైతే నిలువు, 18 వోల్టులైతే అడ్డం. ఒక తీగలో ఒక సమయంలో ఒక వోల్టేజీయే ఉంటుంది. చూసే చానెల్ నిలువులో, రికార్డు చేసే చానెల్ అడ్డంలో ఉంటే ఒక తీగతో రెండూ దిగవు. అందుకే రెండు అవుట్‌లెట్లు ఉన్న ఎల్‌ఎన్‌బీ, రెండు తీగలు అవసరమవుతాయి. మామూలు స్ప్లిట్టరుతో తీగను చీల్చి రెండు సాకెట్లకూ పెడితే సగం చానెళ్లు వచ్చి సగం రావు, తప్పు ఎక్కడుందో తెలియక బాక్సును నిందిస్తాం. అపార్టుమెంటులో డక్టు గుండా రెండో తీగ లాగే వీలుందో లేదో కొనే ముందే చూసుకోండి. కేబుల్ కనెక్షన్‌లో ఈ వోల్టేజీ గొడవ లేదు. అక్కడ స్ప్లిట్టరు పనిచేస్తుంది.

ఒకే ట్యూనరున్న బాక్సులో రికార్డింగు నడుస్తుండగా చానెల్ మార్చనివ్వదు. కొన్ని మోడళ్లలో అదే ట్రాన్స్‌పాండరు, అంటే ఉపగ్రహం కొన్ని చానెళ్లను కలిపి పంపే ఒక తరంగం, మీద వచ్చే ఇతర చానెళ్లను మాత్రం చూడనిస్తుంది. అవి ఏవో మనం ఎంచుకునేవి కావు కాబట్టి దాన్ని సౌకర్యంగా లెక్కపెట్టవద్దు.

ప్రశ్న: రికార్డింగు పెట్టి ఊరెళ్లాం. వచ్చి చూస్తే ఏమీ లేదు. బాక్సు పాడైందా?

బాక్సును అనుమానించే ముందు గోడ మీద స్విచ్‌ను చూడండి. పడుకునే ముందు, ఊరెళ్లే ముందు టీవీ స్విచ్ కట్టేయడం మన ఇళ్లలో పెద్దలు నేర్పిన జాగ్రత్త. కానీ రిమోట్‌తో ఆపిన బాక్సు నిద్రలో ఉండి సమయానికి లేచి రికార్డు చేస్తుంది, స్విచ్ కట్టేసిన బాక్సుకు ఆ సమయం వచ్చినట్టు కూడా తెలియదు. టీవీకీ బాక్సుకూ వేరువేరు ప్లగ్గులు పెట్టి, బాక్సు స్విచ్ మీద చిన్న కాగితం అంటిస్తే సగం ఫిర్యాదులు తీరుతాయి. కరెంటు ఖర్చు గురించి అడిగేవారికి లెక్క ఇదీ: 15 వాట్ల బాక్సు ఇరవైనాలుగు గంటలూ నడిచినా నెలకు దాదాపు 11 యూనిట్లు.

స్విచ్ వేసే ఉన్నా కరెంటు పోవచ్చు. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో బాక్సును ఇన్వర్టరు లైనుకు కలపండి. కరెంటు పోయి వచ్చే ఆ చిన్న విరామంలో కూడా కొన్ని బాక్సులు మళ్లీ మొదటి నుంచి లేస్తాయి, ఆ కొద్ది నిమిషాల కార్యక్రమం పోతుంది. డీటీహెచ్ వాడే కేయూ (Ku) బ్యాండు తరంగాలను కుండపోత వాన అడ్డుకుంటుంది కాబట్టి శ్రావణ భాద్రపదాల్లో రికార్డింగు మధ్యలో గళ్లు గళ్లుగా రావడం, ఆగిపోవడం మామూలే. డిష్‌ను సరిగ్గా గురిపెట్టిస్తే తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. ఊరెళ్లినప్పుడు రీచార్జి గడువు ముగిసినా రికార్డింగు జరగదు.

ప్రశ్న: ప్రతిసారీ చివరి ఐదు నిమిషాలు తెగిపోతున్నాయి. ఎందుకు?

బాక్సు ప్రోగ్రాం గైడులోని సమయాన్ని నమ్ముతుంది, చానెల్ ఆ సమయాన్ని పాటించదు. రికార్డింగు సెట్టింగుల్లో ముందు రెండు నిమిషాలు, తరువాత పది నిమిషాలు అదనంగా పెట్టుకోండి. మ్యాచికి, పండగరోజు వచ్చే ప్రత్యేక కార్యక్రమాలకు, భద్రాచలం కల్యాణం వంటి ప్రత్యక్ష ప్రసారాలకు అదీ చాలదు. తరువాతి కార్యక్రమాన్ని కూడా రికార్డింగులో పెట్టడమే క్షేమం. అదనపు సమయం పెట్టుకునే వీలు లేని బాక్సును, మిగతావన్నీ ఎంత బాగున్నా, మేము సిఫారసు చేయం.

ప్రశ్న: కనెక్షన్ మారిస్తే పాత రికార్డింగులు ఏమవుతాయి?

పోతాయి. డిస్క్‌లో అవి ఆ బాక్సుకు మాత్రమే అర్థమయ్యే తాళంతో ఉంటాయి. డిస్క్‌ను తీసి కంప్యూటరుకు తగిలిస్తే ఫైళ్లు కనిపించవచ్చు గానీ నడవవు. అదే కంపెనీ వారి మరో బాక్సుకు తగిలించినా సాధారణంగా నడవవు. బాక్సు కాలిపోయి కొత్తది ఇచ్చినప్పుడూ ఇదే జరుగుతుంది. ఏ కంపెనీ కనెక్షన్‌కైనా ఒకే బాక్సు పనిచేసేలా ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020లో సిఫారసు చేసింది, కానీ అది ఆచరణలోకి వచ్చినా పాత రికార్డింగుల తాళం దానంతటది ఊడిపోదు. మీ పిల్లవాడు టీవీలో కనిపించిన కార్యక్రమం వంటి శాశ్వతంగా కావలసినదాన్ని రికార్డరు మీద వదిలేయకండి. ఆ చానెల్‌నే ప్రతి అడగండి.

ప్రశ్న: ఇలా రికార్డు చేసుకోవడం చట్టరీత్యా తప్పా?

సొంతానికి చూసుకోవడానికైతే తప్పు కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 39వ సెక్షన్, రికార్డు చేసుకునే వ్యక్తి తన సొంత వాడకం కోసం చేసే రికార్డింగును ప్రసార సంస్థ హక్కుల ఉల్లంఘనగా చూడదు. అదే రికార్డింగును యూట్యూబులో పెట్టినా, కాపీలు తీసి అమ్మినా, హోటల్లో కస్టమర్లకు వేసినా ఆ మినహాయింపు వర్తించదు. 2012 సవరణతో చేరిన 65ఏ సెక్షన్, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణ తాళాన్ని ఛేదించడాన్ని రెండేళ్ల దాకా జైలుశిక్ష పడగల నేరంగా పేర్కొంటుంది. తాళం తీసిపెడతామని చెప్పి అమ్మే పెట్టెల జోలికి వెళ్లకపోవడానికి ఇది చాలినంత కారణం.

ప్రశ్న: మా స్మార్ట్ టీవీలోనే రికార్డింగు మీట ఉంది. అది చాలదా?

టీవీ తన సొంత ట్యూనరుతో పట్టుకున్న చానెల్‌ను మాత్రమే రికార్డు చేస్తుంది. సెట్‌టాప్ బాక్సు నుంచి హెచ్‌డీఎంఐ ద్వారా వచ్చేదాన్ని అది రికార్డు చేయదు. టీవీలో ఉపగ్రహ ట్యూనరు ఉండి, ఫ్రీ డిష్ తీగను నేరుగా టీవీకి పెట్టుకున్నవారికే ఆ మీట ఉపయోగం.

ప్రశ్న: అమెరికా నుంచి మా అబ్బాయి రికార్డరు తెస్తానంటున్నాడు. తెమ్మనాలా?

వద్దనండి. అక్కడ యాంటెన్నాతో వచ్చే ప్రసారాలు ఏటీఎస్‌సీ అనే పద్ధతిలో ఉంటాయి, మన డిష్, కేబుల్ ప్రసారాలు డీవీబీ పద్ధతివి. అక్కడి ట్యూనరుకు ఇక్కడి సిగ్నల్ అర్థం కాదు. పైగా 120 వోల్టులకే తయారైన అడాప్టరును మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. ఇక అక్కడ ఉంటున్న తెలుగువారికి మన చానెళ్లు ఎక్కువగా ఇంటర్నెట్ ద్వారానే అందుతున్నాయి కాబట్టి, యాంటెన్నా రికార్డరు అక్కడి స్థానిక చానెళ్లకే పనికొస్తుంది.

ప్రశ్న: ఓటీటీలు ఉండగా ఇంకా రికార్డరు ఎందుకు?

చాలా ఇళ్లకు అవసరం లేదన్నదే నిజాయితీ గల జవాబు. మీరు చూసే సీరియళ్లన్నీ ఆ చానెల్ యాప్‌లో మర్నాటికి దొరుకుతుంటే, ఇంట్లో నెట్ నిలకడగా ఉంటే, రికార్డరు మీద పెట్టే డబ్బును చందాకు పెట్టడం మంచిది. నెట్ సరిగా అందని ఊళ్లలో ఉన్నవారికి, యాప్‌ల మధ్య తిరగలేక రిమోట్‌లో రెండు మీటలు మాత్రమే నేర్చుకున్న పెద్దవారికి, చందా అయిపోయిందనో హక్కులు పోయాయనో ఒక రాత్రి హఠాత్తుగా సినిమా మాయమవడం నచ్చనివారికి రికార్డరు ఇప్పటికీ పనికొచ్చే వస్తువే.

ప్రశ్న: పాత రికార్డరు బాక్సు చవకగా అమ్ముతున్నారు. కొనవచ్చా?

రెండు సంగతులు తేలాకే కొనాలి. ఆ బాక్సు అమ్ముతున్న మనిషిదేనా, లేక అద్దెకు ఇచ్చిన కంపెనీదా అన్నది మొదటిది. బాక్సును కొనుక్కునే పద్ధతీ, అద్దెకు తీసుకునే పద్ధతీ రెండూ ఉన్నాయి కాబట్టి బిల్లు చూపించమనండి. బాక్సు మీది సీరియల్ నంబరును కంపెనీ కస్టమర్ కేర్‌కు చెప్పి, దాన్ని మీ పేరున మార్చి రికార్డింగుతో సహా తిరిగి తెరుస్తారా అని అడగడం రెండోది. అవునని వారు చెప్పేదాకా డబ్బు ఇవ్వకండి. తెరుస్తామన్నా సరే, అన్నేళ్లు తిరిగిన డిస్క్ చెవి దగ్గర పెట్టుకుంటే గీరుతున్నట్టు చప్పుడు చేస్తే, అది డిస్క్ లేని మామూలు బాక్సు ధరకే విలువైనది.